గోఖలే ప్రసంగములయందలి ప్రజానీతి

శాసనసభలలోఁ జదువఁబడిన ఆదాయవ్యయ ప్రసంగములను సాహిత్యవిమర్శకు విషయముగాఁ గొనుట కొందఱు పండితులకు విపరీతముగాఁ దోఁపవచ్చును. పన్నులు, మిగులు, సైనికవ్యయము, నాణెముల మారకపు వెల యనునవి రసమున కాలంబనములు కావనియు, వానిని గుఱించి పలికిన పలుకులు కార్యము తీఱినంతనే గతించుననియు వారి తలంపు. ఈ తలంపు మన వాఙ్మయ సంప్రదాయమునకు సరిపడునది కాదు. సభాపర్వమున నారదుఁడు ధర్మరాజు నడిగిన ప్రశ్నలలోఁ గోశమును, కృషియు, సేవకుల జీతములును, చెఱువులును జోటు చేసికొనియున్నవి. నన్నయభట్టు ఆ ఘట్టమును నీరసమని విడువలేదు. ఆముక్తమాల్యద నాల్గవ యాశ్వాసమున శ్రీకృష్ణదేవరాయలు రాజ్యాదాయమును నాలుగు పాళ్లుగా విభజించి వినియోగించు విధమును బద్యమునఁ జెప్పెను. కావున రాజ్యపు లెక్క సాహిత్యమునకుఁ బరాయిది కాదు. ఆ లెక్క చెప్పువాని దృష్టి యెట్టిది, చెప్పిన తెఱఁగెట్టిది, యెవరి నుద్దేశించి చెప్పెను అను మూఁడు విషయములు విమర్శకుఁడు పరీక్షింపవలసినవి.

గోపాలకృష్ణ గోఖలే (1866–1915) ప్రసంగములు ఈ పరీక్షకుఁ దగిన వస్తువు. 1902 మొదలుకొని ఆయన రాజప్రతినిధి శాసనసభలో నేఁటేఁట ఆదాయవ్యయములను విమర్శించెను. 1905లోఁ గాశీనగరమునఁ గూడిన జాతీయ మహాసభకు నధ్యక్షత వహించెను. ఆ యేఁడే జూను 12వ తేదిని పూనాలో భారతసేవక సంఘమును స్థాపించెను. ఈ విధముగా రాజ్యనీతి, అర్థనీతి, సేవాధర్మము అను మూఁడింటను ఆయన కృషి గలదు. ఈ మూఁడును వేఱువేఱు వ్యాపారములా, లేక యొక్క దృష్టికే మూఁడు ముఖములా యనునది ప్రశ్న. చరిత్ర వ్రాయువారు సాధారణముగా ఆయనను మితవాదియని యొక్క మాటతోఁ జెప్పి ముగింతురు. ఆ మాట యసత్యము కాదు. కాని యది ఆయన కోరిన కోరికల పరిమాణమును దెలుపునే కాని వాని స్వభావమును దెలుపదు.

గోఖలే మొదట నుపాధ్యాయుఁడు. కొంకణదేశమున రత్నగిరి మండలమందలి కోత్లూక్ గ్రామమునఁ బేదకుటుంబమునఁ బుట్టి, 1884లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలోఁ బట్టము పొంది, పూనాలోని దక్కను విద్యాసంఘమునఁ జేరెను. ఆ సంఘపు టాజీవసభ్యులు ఇరువదియేండ్లు స్వల్పవేతనమునకు బోధింతుమని ప్రతిజ్ఞ చేయువారు. గోఖలే నెలకు 75 రూపాయల జీతముతో ఫెర్గుసన్ కళాశాలయం దాంగ్లమును, గణితమును, చరిత్రను, అర్థశాస్త్రమును బోధించి, 1902లో విరమించెను. బాలుర కొఱకొక యంకగణితమును గూడ రచించెను. ఆయన ప్రసంగముల స్వభావము తెలియఁగోరువారు ఈ యంకగణితమును మఱవరాదు. లెక్కను మెట్టుమెట్టుగాఁ జేసి చూపుట, చివర వచ్చిన ఫలమును వెనుకకుఁ దిరిగి సరిచూచుకొనుట, తెలియనిదానిని దెలిసినట్లు వ్రాయకుండుట యను బడిపంతులు గుణములు రాజప్రతినిధి యెదుట నిలిచినప్పుడును ఆయనను విడిచిపోలేదు.

ఆయన గురువు మహాదేవ గోవింద రానడే. పూనా సార్వజనిక సభ ప్రకటించు త్రైమాసిక పత్రికకు గోఖలే కొన్నియేండ్లు సంపాదకుఁడుగా నుండెను. ప్రభుత్వపు నివేదికలనే చేతఁబట్టి, ప్రభుత్వపు టంకెలతోనే ప్రభుత్వమును బ్రశ్నించు పద్ధతిని రానడే యాయనకు నేర్పెను. 1897లో వెల్బీ యుపసంఘము నెదుట లండనున సాక్ష్యమిచ్చునాఁటికి గోఖలేకు ముప్పది యేండ్లు మాత్రమే. భారతదేశపు వ్యయమును విచారించుటకు నియమింపఁబడిన యా సంఘము నెదుట దాదాభాయి నౌరోజీ వంటి వృద్ధులతోఁ బాటు ఈ యువకుఁడును బరీక్షకు నిలిచెను.

ఆ 1897వ సంవత్సరమే ఆయనకొక కఠిన పాఠమును నేర్పెను. పూనాలో మహామారి ప్రబలినప్పుడు ఇండ్లు శోధించుటకు సైనికులు నియోగింపఁబడిరి. వారు స్త్రీలకు మానహాని చేసిరని స్వదేశమునుండి వచ్చిన లేఖల నాధారముగాఁ గొని గోఖలే ఇంగ్లండులోఁ బ్రకటించెను. తిరిగివచ్చిన పిమ్మట సాక్ష్యము చూపవలసిరాఁగా, లేఖలు వ్రాసినవారి పేళ్లు బయలుపెట్టలేకయు, నభియోగమును రుజువు చేయలేకయు, బహిరంగముగా క్షమాపణము చెప్పెను. స్వదేశీయు లనేకులు దీనిని బిఱికితనమనిరి. విమర్శకుఁడు తీర్పు చెప్పుటకుఁ దొందరపడరాదు. ఆ యభియోగ మంతయుఁ గల్లయని యీ క్షమాపణము వలన సిద్ధింపదు. రుజువు చేయఁబడలేదని మాత్రమే సిద్ధించును. కాని రుజువు చేయలేని మాటను దేశాభిమానమను పేర నిలుపుకొనుట కాయన యొప్పుకొనలేదు. మొదటినుండియు నుండిన యంకెల యభ్యాసము ఈ సంఘటనతో వ్రతముగా మాఱెనని తలంచుట కవకాశము గలదు. తరువాతి ప్రసంగములలో నిందకన్న నిదర్శనమే యెక్కువ.

1902 మార్చి 26వ తేదిని జేసిన మొదటి ఆదాయవ్యయ ప్రసంగము ఆయన రచనలలోఁ దలమానికము. సందర్భమును దెలియక దాని బలము తెలియదు. అప్పటికి 1896–97 నాఁటి కఱవును, 1899–1900 నాఁటి కఱవును దేశమును బీల్చివైచినవి. మహామారి యింకను దీఱలేదు. అయినను వరుసగాఁ గొన్నియేండ్లనుండి ప్రభుత్వపు లెక్కలలో మిగులు కనబడుచుండెను. ఈ మిగులు దేశపు సంపన్నతకు గుఱుతని యధికారులు చెప్పుకొనుచుండిరి. గోఖలే యీ యొక్క సిద్ధాంతమును బట్టుకొని దాని వేళ్లను దవ్వెను. రూపాయి వెల పడిపోవుచుండిన దినములలో, ఇంగ్లండునకుఁ బంపవలసిన సొమ్మునకు రూపాయలు చాలకపోఁగాఁ గొన్ని పన్నులు హెచ్చింపఁబడెను. 1893లో టంకశాలలు ప్రజల వెండికి మూయఁబడిన పిమ్మట, 1894–95లో 13 పెన్నీల ప్రాంతమున నుండిన రూపాయి క్రమముగా 16 పెన్నీల కెక్కి నిలిచెను. పంపవలసిన సొమ్మునకు వలయు రూపాయలు తగ్గెను. పన్నులు మాత్రము తగ్గలేదు. కావున మిగులు పుట్టినది ప్రజల కలిమివలనఁ గాదు; తీఱిపోయిన యక్కఱకు విధించిన పన్నును దీఱని పన్నుగా నిలుపుటవలన.

ఈ వాదమునందలి సొగసు గమనింపఁదగినది. ప్రతిపక్షి చూపిన యంకెనే గ్రహించి దాని యర్థమును దలక్రిందులు చేయుట యిందలి యుపాయము. అధికారికి మిగులు స్తుతి. గోఖలేకు నదియే యపరాధమునకు సాక్ష్యము. కఱవుకాలమున నది యుండుటయే యొక దోషము. ఉండి దేశము సుఖముగా నున్నదని భ్రాంతి పుట్టించుట రెండవ దోషము. స్తుతియే నిందయగు నీ తీరును మన యాలంకారికులు వ్యాజస్తుతి ప్రకరణమునఁ జర్చించిరి. అయితే యిచట వ్యంగ్యము శబ్దమున లేదు. స్వరము హెచ్చదు, విశేషణములు కుప్పలుగాఁ బడవు. శబ్దమున కంతకును బ్రసాదగుణమే ప్రధానము. బలమంతయు నర్థమున నున్నది. భారవికిఁ జెల్లిన యర్థగౌరవ ప్రశంస వేఱొక విధమున నిచటను జెల్లును.

ఉప్పుపన్ను విషయమున నీ గుణము మఱింత స్పష్టము. 1888లో మణుగునకు (సుమారు 82 పౌనులు) రెండు రూపాయలనుండి రెండున్నరకుఁ బెంచిన పన్ను అప్పటికిని నట్లే యుండెను. ధనికుఁడును దరిద్రుఁడును నించుమించుగ నొక్క పరిమాణముననే తిను వస్తువు ఉప్పు. కావున దానిపైఁ బన్ను దరిద్రుని తలపైనే బరువుగాఁ బడును. వెల హెచ్చినచోఁ బేదవాఁడు ఉప్పును గూడఁ దగ్గించుకొని తినునని గోఖలే వాడకపు టంకెలతోఁ జూపెను. 1903లో నీ పన్ను రెండు రూపాయలకును, 1905లో నొకటిన్నరకును, 1907లో నొక రూపాయకును దిగెను. 1903లోనే యాదాయపు పన్నుకు లోఁబడని మొత్తము ఏఁటికి 500 రూపాయలనుండి 1000కిఁ బెంపఁబడెను. ఈ ఫలమంతయు నొక్క గోఖలే వాక్కువలననే కలిగెననుట యతిశయోక్తి. మహాసభ యేండ్లతరబడి యీ కోరికలను గోరుచుండెను. కాని పన్ను తగ్గినకొలఁది వాడకము పెరుగుచున్నదని తరువాతి ప్రసంగములలో మఱల నంకెలు చూపి, తగ్గింపును నిలుపుటకును, నింకను దగ్గించుటకును ద్రోవ చేసినవాఁడాయన.

ఈ యర్థనీతిని మన సంప్రదాయముతోఁ బోల్చి చూచుట యుచితము. రఘువంశమున దిలీపుఁడు పన్ను గొనుట సూర్యుఁడు నీటిని గొనుటతోఁ బోల్పఁబడినది. గ్రహించుట వేయిమడుంగులుగాఁ దిరిగి యిచ్చుటకే యని భావము. గోఖలే విమర్శకు మూలసూత్ర మిదియే. తీసికొన్నది తిరిగి వర్షించుచున్నదా యనియే యాయన ప్రతి సంవత్సరము నడిగెను. చదువునకు, నీటిపారుదలకు, వైద్యమునకుఁ గొంచెమును, సైన్యమునకు విస్తారమును వ్యయమగుచుండుటను జూపెను. ఆముక్తమాల్యదలోను నీ భావము గలదు. చెఱువులును గాలువలును ద్రవ్వించి, పేదరైతునకుఁ బన్ను సడలించినచో నర్థమును ధర్మమును గూడఁ బెరుగునని రాయల మతము. ఇంతవఱకు నిరువురును నొక్క త్రోవను నడచుచున్నారు.

భేదము సైన్యమునొద్ద వచ్చును. రాయలు ఆదాయమున సగపాలు సైన్యమునకుఁ గేటాయించెను. గోఖలే సైనికవ్యయమును నిరసించెను. పైకి విరోధముగాఁ దోఁచు నీ భేదమునకుఁ గారణ మొక్కటియే. రాయల సైన్యము రాయల దేశమును గాచునది. గోఖలే నాఁటి సైన్యము భారతదేశపు టక్కఱకు మించి సామ్రాజ్యపు టక్కఱలకొఱకుఁ బోషింపఁబడునది. ఆ యధికవ్యయమున నింగ్లండు న్యాయముగాఁ బాలుగొనవలెనని యాయన వాదము. పన్ను చెల్లించువాఁడొకఁడు, ప్రయోజనము పొందువాఁడు మఱొకఁడు అయినపుడు పాత రాజనీతి గ్రంథములందలి పాళ్లు పనికిరావు. ఈ వివేకము లేక ప్రాచీనసూక్తులను వర్తమానమునకు యథాతథముగా నతికించువారికి నిది హెచ్చరిక.

పరిశ్రమల విషయమునను ఆయన దృష్టి యిట్టిదే. విదేశవస్తువులపై సుంకము విధించి స్వదేశ పరిశ్రమను గాపాడుటను ఆయన సూత్రముగా నంగీకరించెను. కాని కాపుదల రెండు విధములనెను. ఎదుగుచున్న పరిశ్రమకు జనసామాన్యపు మేలుకొఱ కూఁత యిచ్చునది మంచిది. బలవంతుల కూటములకు లాభము చేకూర్చి జనసామాన్యమునకు భారమగునది చెడ్డది. అధికారము ప్రజల చేతిలో లేనంతకాలము రెండవదియే వచ్చునని యాయన భయము. 1907లో లక్ష్మణపురిని జేసిన స్వదేశీ ప్రసంగమునను, స్వదేశాభిమానమును విశాలమైన భక్తిగా వర్ణించుచునే, మూలధనము, సాహసము, నైపుణ్యము లేక యభిమానమొక్కటే మగ్గమును నడపదని చెప్పెను. ఆ ప్రసంగముననే స్వదేశీయమును, బహిష్కారమును వేఱుచేసెను. బహిష్కార శబ్దమునఁ బగ యను భావము గలదని యాయన యాక్షేపణ. అయినను 1905లోఁ గాశీలో, వంగవిభజన వలన నార్తులైన వంగీయులకుఁ దుది యుపాయముగా నా యస్త్రమును బ్రయోగించు నధికారము గలదని యధ్యక్షపీఠమునుండియే యొప్పుకొనెను. ఆయన మితవాదము భీరుత్వమనువారు ఈ రెండు ప్రసంగములను గలిపి చదువవలయును.

ఇంతవఱకు గుణములు. ఇఁక నాక్షేపము. నారదుఁడు ప్రశ్నింపఁగా వినినవాఁడు ధర్మరాజు. ప్రశ్నయందలి ధర్మము వినువాని హృదయమున ముందే యుండెను. అందుచేత ప్రశ్నయే శాసనమయ్యెను. గోఖలే ప్రశ్నలును నారద ప్రశ్నలవంటివే: రైతు సుఖముగా నున్నాఁడా? పన్ను తిరిగి ప్రజలఁ జేరుచున్నదా? బాలురు చదువుచున్నారా? కాని వినువాఁడు ధర్మరాజు కాఁడు. సభలో నధికార సభ్యులే యధికసంఖ్యాకులు. మొదటియేండ్లలో సభ్యులకుఁ బ్రసంగించు హక్కే కాని యాదాయవ్యయ పట్టికపై సమ్మతి నిచ్చు హక్కు లేదు. వినవలసిన బాధ్యత లేనివాని కెంత చక్కని లెక్క చెప్పినను నది విన్నపమే యగును. పైగా బ్రిటిషు సంబంధము దైవసంకల్పమువలనఁ గలిగినదనియు, నది దేశమునకు మేలు చేయుటకే యనియు భారతసేవక సంఘపు నిబంధనావళి యుపోద్ఘాతమున వ్రాయఁబడినది. సంఘపు లక్ష్యము సామ్రాజ్యములోపల స్వపరిపాలనము. లెక్కయంతయు నీ సంబంధము నష్టకరమని చూపుచుండఁగా విశ్వాసము దానిని దైవికమనుచుండెను. గోఖలే వాఙ్మయమునఁ దీఱని విరోధమిది. దీనిని గప్పిపుచ్చుట విమర్శకు ధర్మము కాదు.

ఆంధ్రదేశమున నిందుకొక నిదర్శనము గలదు. 1907లో బిపినచంద్రపాలు ఆంధ్రపట్టణములఁ బర్యటించి రాజమహేంద్రవరమునఁ బ్రసంగించెను. ఆ ప్రసంగములను దెనిఁగించిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు సభలో నాశువుగా నొక పద్యమును జెప్పిరి. భరతఖండమును బాడియావుగను, హిందువులను దూడలుగను, తెల్లవారిని మూతులు బిగియఁగట్టి పాలు పితుకు గొల్లలుగను రూపించిన యా పద్యము తెలుఁగువారి నాలుకలపై నేఁటికిని నున్నది. నౌరోజీ యేండ్లతరబడి యంకెలతో నిరూపించిన ధనాపహరణ వాదమే, వెల్బీ సంఘమున కెదురుగా గోఖలే చెప్పిన వ్యయవిమర్శయే యా పద్యమున కర్థము. అర్థమొక్కటియే యైనను బద్యము పల్లెపల్లెకుఁ బోయెను. ప్రసంగము గ్రంథాలయమునఁ జేరెను. ఇందుకు ఛందస్సు మాత్రమే కారణమనుకొనుట పొరపాటు. పద్యము పలికినది దూడలతో. ప్రసంగము పలికినది పితుకువానితో. పద్యము తెలుఁగున, ప్రసంగ మాంగ్లమున. ఎవరి బాధను గుఱించి గోఖలే పలికెనో వారికాయన మాట యర్థము కాలేదు. వాక్కున కుచితమైన శ్రోత దొరకకపోవుటకన్న వక్తకు వేఱొక దురదృష్టము లేదు.

అయితే యీ కొఱఁతను గోఖలే యెఱుఁగఁడా? ఎఱుఁగునని యాయన తక్కిన కృషియే చెప్పుచున్నది. ఆయన సేవాధర్మము నిచటఁ బరిశీలింపవలయును. భారతసేవక సంఘమునఁ జేరువారు తమ తలంపులలో దేశమునకే ప్రథమస్థాన మిత్తుమనియు, సేవవలన స్వలాభము గోరమనియు, కులమత భేదము పాటింపక భారతీయులనందఱను సోదరులుగాఁ జూతుమనియు, తమకును గుటుంబమునకును సంఘమిచ్చు జీవనముతోఁ దృప్తిపొంది వేఱొక సంపాదన చేయమనియు, శుద్ధజీవనము గడపుదుమనియు, నెవరితోను స్వంతకలహము పెట్టుకొనమనియు, సంఘపు మేలును గాచుచు దాని యాశయములకు భంగము రానీయమనియుఁ బ్రమాణము చేయవలయును. ఇందు రాజకీయ కార్యక్రమ మొక్కటియు లేదు. మొదటి యైదేండ్లు శిక్షణకాలము. ప్రజాజీవనమున కాధ్యాత్మిక స్వభావము రావలెనని గోఖలే కోరెను. ఈ మాటకుఁ బూజాపునస్కారములని యర్థము కాదు. పూర్వము మోక్షార్థియైనవాఁడు సంసారమును విడిచినట్లు, దేశసేవ చేయువాఁడు స్వలాభమును విడువవలెనని యర్థము. దక్కను విద్యాసంఘమున తా నించుమించు నిరువదియేండ్లు గడపిన జీవితమునే యాయన యొక నియమముగా వ్రాసెను. ఉపాధ్యాయుని వ్రతము దేశసేవకుని వ్రతమయ్యెను.

ఇట్టివారి యవసరమేమి? లెక్కను వినువాఁడు లేనిచో లెక్క యడుగువారినిఁ దయారుచేయవలయును. ప్రాథమిక విద్యాశాసనపు చిత్తు నిందుకు రెండవ నిదర్శనము. 1910లోఁ దీర్మానముగాఁ జర్చకుఁ దెచ్చి, 1911 మార్చి 16వ తేదిని గోఖలే ప్రవేశపెట్టిన యా చిత్తు మిక్కిలి వినయముగలది. స్థానిక సంఘములకు నిష్టమైనచోట, ప్రభుత్వపు టనుమతితో, 6 మొదలు 10 ఏండ్ల వఱకుఁ గల బాలురకుఁ జదువు నిర్బంధము చేయవచ్చును. నెలకు 10 రూపాయలకు మించి యాదాయము లేని తండ్రి జీతము చెల్లింపనక్కఱలేదు. వ్యయమున మూఁడింట రెండు పాళ్లు ప్రభుత్వమును, నొక పాలు స్థానిక సంఘమును భరింపవలయునని యాయన సూచన. బరోడా సంస్థానమున నిర్బంధవిద్య యప్పటికే యమలులో నుండుటను నిదర్శనముగాఁ జూపెను. ప్రజలకు నీ కోరిక లేదని యధికారు లనిరి. కూలికి మనుష్యులు దొరకరని కొందఱు భూస్వాములు జంకిరి. 1912 మార్చి 19వ తేదిని 13 సమ్మతులకుఁ బ్రతిగా 38 సమ్మతులతోఁ జిత్తు తిరస్కరింపఁబడెను. తిరస్కార మేర్పడునని యెఱిఁగియే, తన తరమువారు తమ వైఫల్యములతోనే దేశమునకు సేవచేయవలసినవారని భావించి, యాయన నిబ్బరముగాఁ బ్రసంగించెను.

ఈ చిత్తును దక్కిన కృషినుండి వేఱుగాఁ జూడరాదు. మిగులును విమర్శించినవాఁడు ఆ మిగులు దేనికి వినియోగపడవలెనో యిచటఁ జెప్పెను, అర్థనీతికి ఫలమిది. చదువుకొన్న బాలుఁడు రేపు తన పన్నుల లెక్కను దానే చదివి ప్రశ్నించును, రాజ్యనీతికి మూలమిది. ఆ బాలుని కొఱకుఁ బల్లెకుఁ బోవువాఁడు భారతసేవకుఁడు, సేవాధర్మమునకు స్థానమిది. కావున మూఁడు ముఖములు నొకే దృష్టికిఁ జెందినవి. తీసికొన్నవాఁడు లెక్క చెప్పవలెను, చెల్లించినవాఁడు లెక్క యడుగఁగలుగవలెను, నడుమ నిలుచువాఁడు దానిలోఁ దనకై యేమియు మిగుల్చుకొనరాదు: గోఖలే ప్రజానీతి యంతయు నీ మూఁడు వాక్యములలో నిముడును. మితవాదియను బిరుదు దీనిలో నేభాగమునకును సరిపోదు. సభలో నడిగిన కోరిక మితము; కోరికకు వెనుకనున్న సూత్ర మమితము.

లోపములును గలవు. చిత్తునందు నిర్బంధము మొదట బాలురకే. బాలికల విషయము పిమ్మటికి విడువఁబడెను. సంఘసభ్యులు విద్యాధికులగుటచేత ప్రజలకొఱకుఁ బనిచేయు తెఱఁగు గలదు గాని ప్రజలే తమ పనిఁ దాము నడపుకొను తెఱఁగు స్పష్టముగా లేదు. దేశభాషలలోఁ బ్రజలతో మాటలాడు కార్య మాయన స్వయముగాఁ జేసినది తక్కువ. మోహనదాసు గాంధి 1909లో వ్రాసిన హింద్‌స్వరాజ్ గ్రంథము గోఖలేకు నచ్చలేదు. తొందరపాటు రచనయని యాయన యెంచెను. ఆ గ్రంథమునఁ బ్రశ్న పితుకువానితోఁ గాక దూడతోనే నడచినదను విశేషమును ఆయన తగినంతగా గుర్తింపలేదని చెప్పవచ్చును.

కాని యాయన వాక్కు దూరపు దూడలను మఱవలేదు. విశాఖపట్టణ, గోదావరీ మండలములనుండి పెక్కుమంది తెలుఁగు కూలీలు ఒప్పందపు పత్రములపై వ్రేలిముద్ర వేసి నేటాలునకు నోడలెక్కిరి. ఆ పత్రమునందలి షరతులు వారికిఁ దెలియవు. 1910లో నేటాలునకుఁ గూలీలఁ బంపుట నాపవలెనని గోఖలే తెచ్చిన తీర్మానమును బ్రభుత్వ మంగీకరించెను. 1911 జూలై 1వ తేదినుండి యా వలస నిలిచెను. 1912లో నొప్పందపు కూలిపద్ధతి నంతటను మాన్పవలెనని తెచ్చిన తీర్మానము మాత్రము వీఁగిపోయెను. ఆ యేఁడే యాయన రోగపీడితుఁడై యుండియు దక్షిణాఫ్రికాకుఁ బోయి యచ్చటి భారతీయుల దుఃఖమును జూచివచ్చెను. చదువలేనివానిచేత సంతకము చేయించిన పత్రము ఒడంబడిక కాదను న్యాయమునకును, చదువు నిర్బంధము చేయవలెనను చిత్తునకును గల సంబంధము వేఱుగాఁ జెప్పనక్కఱలేదు.

1914లో నిచ్చిన సర్ బిరుదమును గోఖలే యంగీకరింపలేదు. 1915 ఫిబ్రవరి 19వ తేదిని, నలుబదియెనిమిదేండ్ల వయస్సున మరణించెను. ఆయన పిమ్మట సంఘమునకు వి. యస్. శ్రీనివాసశాస్త్రి యధ్యక్షుఁడయ్యెను. గాంధి యాయనను దన రాజకీయ గురువని చెప్పుకొనెను గాని మార్గభేదమువలన సంఘమునఁ జేరలేదు. శిష్యుఁడు గురువు విశ్వాసమును విడిచి గురువు వ్రతమును గ్రహించెను. ఉప్పును దరిద్రుని యాహారముగాఁ జూచిన గురుదృష్టియే 1930లో దండి సముద్రతీరమున వేఱొక రూపమునఁ గానవచ్చెననుట యసంగతము కాదు. 1902లోఁ బితుకువాని సభలో నంకెయైన యుప్పు 1930లో దూడల చేతిలోఁ బిడికెడు ఉప్పయ్యెను.

గోఖలే చిత్తు వీఁగిపోయిన తొంబదియేండ్లకు, 2002లో, రాజ్యాంగపు 86వ సవరణచేత 6 మొదలు 14 ఏండ్ల వఱకుఁ గల బాలబాలికల చదువు ప్రాథమిక హక్కయ్యెను. దానిని నెఱవేర్చు శాసనము 2009లోఁ జేయఁబడి 2010 ఏప్రిల్ 1వ తేదినుండి యమలులోనికి వచ్చెను. ఆదాయవ్యయ ప్రసంగము కార్యము తీఱినంతనే గతించునని తలంచు పండితుల కిదియే సమాధానము. కార్యము తీఱుటకే తొంబదియేండ్లు పట్టినది. శాసనము వచ్చినంతమాత్రమున లెక్క ముగియలేదు. బడికి వచ్చిన బాలుఁడు నిజముగాఁ జదువ నేర్చుచున్నాఁడా యను ప్రశ్న మిగిలియున్నది. ఆ ప్రశ్నకు సమాధానము శాసనసభలలోఁ గాక బడులలో దొరకవలయును. గోఖలే మొదట నిలిచినదియు నచటనే.